శనివారం మా వేదిక మీద ట్రంపెట్ పట్టిన మాస్టారికి

ఆషాఢంలో నాచారం పారిశ్రామికవాడలోని ఓ పాత షెడ్డులో రెండు రోజులు పాట పెట్టుకున్నాం. శనివారం లైవ్ ఫంక్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల దరువు పాట, ఆదివారం ఎలక్ట్రానిక్ డ్యాన్స్. వచ్చినవాళ్లు బాగుందన్నారు. అది బాగుండేలా చేసినవాళ్లెవరో వాళ్లకు తెలియదు కాబట్టి ఇది రాస్తున్నాను.

శుక్రవారం రాత్రి మా ట్రంపెట్ కుర్రాడికి జ్వరం 103 దాటింది. ఆసుపత్రిలో చేర్చి వచ్చాం. ట్రంపెట్ లేకపోతే ఊదేవాళ్లలో శాక్సఫోన్, ట్రాంబోన్ మిగులుతాయి, పైస్వరం పోతుంది. ఆ మూడూ కలిసి కత్తిరించినట్టు ఊదే చిన్న చిన్న ముక్కల్లోనే ఫంక్ ప్రాణం ఉంది. అమెరికా ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో మేసియో పార్కర్ శాక్సఫోన్, ఫ్రెడ్ వెస్లీ ట్రాంబోన్ ఊదినవి వినే మేమంతా ఇందులోకి వచ్చాం. టిక్కెట్ల డబ్బు వెనక్కిచ్చేద్దామని దాదాపు అనేసుకున్నాం.

రాత్రి పదకొండింటికి మా శాక్సఫోన్ తమ్ముడికి వాళ్ల వీధిలో పెళ్లి ఊరేగింపులకు వచ్చే బ్యాండు మేళం మాస్టారు గుర్తొచ్చారు. నంబరు కోసం షామియానా షాపన్నను నిద్రలేపాం. అన్నా, ఆ వేళప్పుడు లేపినా విసుక్కోలేదు, నీకూ దండం. మాస్టారు మొత్తం విని, "పొద్దున ఎన్నింటికి రావాలి బాబూ?" అన్నారు. డబ్బు మాటే ఎత్తలేదు. ఆషాఢం, ముహూర్తాలు లేవు కాబట్టి దొరికారు. శ్రావణమైతే ఆయనకు రాత్రులు ఖాళీ ఉండవు.

ఎనిమిదింటికల్లా వచ్చేశారు. అరవై దాటిన మనిషి, సికింద్రాబాద్ నుంచి సిటీ బస్సులో, గుడ్డసంచిలో ట్రంపెట్. మా నొటేషన్ కాగితాలు పక్కన పెట్టించి, ఒక్కో ముక్కా మా చేత పాడించుకుని సరిగమల్లో రాసుకున్నారు. రెండో పాట దగ్గర ఆగారు. మా పాటలన్నీ 'ఇ' శ్రుతిలో ఉంటాయి, గిటారు వేళ్లకు అది హాయి. ట్రంపెట్ శ్రుతి లెక్క వేరు, దాని దగ్గరికొచ్చేసరికి అదే ఎఫ్ షార్ప్ అవుతుంది, వేళ్లకు చిక్కు. "మీరు అరస్వరం దించండి, నాకు ఎఫ్‌లో పడుతుంది. రోజూ ఊరేగింపులో ఊదేదే" అన్నారు. గిటార్లు, బేసు అరస్వరం దించాం. శాక్సఫోన్, ట్రాంబోన్లకు కూడా ఒక్కసారిగా తేలికైంది. ఇన్నేళ్లుగా కలిసి వాయిస్తున్నాం, వాళ్లిద్దరూ ఎంత కష్టపడుతున్నారో నేనొక్కసారీ అడగలేదు.

ఫంక్‌లో బరువంతా మొదటి దెబ్బ మీద ఉంటుంది. జేమ్స్ బ్రౌన్ తనవాళ్లకు నూరిపోసింది అదే. దాన్ని ఎలా చెప్పాలా అని నేను చేతులు తిప్పుతుంటే మాస్టారే అందుకున్నారు. "సమం మీద పడాలి, ఆ తర్వాత చోటు వదలాలి, అంతే కదా."

అంతే. సాయంత్రం ఆయన వదిలిన ఆ చోటు విన్నాక బేసు మీద నా వేళ్లు కూడా తగ్గాయి. ఐదో పాటలో ఆయన వంతు వచ్చింది. ఊరేగింపుల్లో నడుస్తూ ఊదిన మనిషి కదా, నాలుగు స్వరాలయ్యేసరికి మెట్లు దిగి జనంలోకి వెళ్లిపోయారు. ఆ వాద్యానికి మైకుతో పనేముంది! జనం దారిచ్చి ఆయన వెనకే నడిచారు. షెడ్డంతా ఒక చుట్టు తిరిగి, మేం మళ్లీ సమానికి వచ్చే వేళకు సరిగ్గా వేదికెక్కారు. వెనక్కి తిరిగి చూస్తే మా డ్రమ్మరు కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఆదివారం యంత్రాల వంతు. ముంబైలో చరణ్‌జీత్ సింగ్ 1982లోనే రోలాండ్ కంపెనీ 303 బేసు యంత్రం, 808 డ్రమ్ము యంత్రం పెట్టుకుని రాగాలు వాయించారు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. ఆయనను తలుచుకుని కల్యాణితో మొదలుపెట్టాలని మావాళ్లు అనుకున్నారు. తీరా స్పీకర్లు వేస్తే తుమ్మెదల గుంపు దూరినట్టు ఒకటే రొద. కేబుళ్లన్నీ మార్చినా పోలేదు. పక్కనున్న మోటారు వైండింగ్ షాపు బాబాయ్ ఆ చప్పుడు విని టెస్టరుతో వచ్చారు. "ఇది కరెంటు రొద, 50 హెర్ట్జ్" అన్నారు వినీ వినగానే. మిక్సరుకు ఒక బోర్డు నుంచి, యాంప్లిఫయర్లకు ఇంకో బోర్డు నుంచి కరెంటు తీశాం, రెండింటికీ ఎర్తింగ్ వేరు. అంతా ఒకే బోర్డు మీదికి తెచ్చారు, రొద పోయింది. టీ తప్ప ఏమీ తీసుకోలేదు. ఏడింటికి వానతో కరెంటు పోతే జనరేటరుకు డీజిల్ తెచ్చిపెట్టింది కూడా ఆయన కొడుకే.

షెడ్డు వెనక ఇళ్లవాళ్లకు క్షమాపణ కూడా చెప్పాలి. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్నది నియమం, మేం తొమ్మిదిన్నరకే ఆపాం. అయినా బేసు గోడలు దాటి వెళ్తుంది. శనివారం ఒక పెద్దమ్మ వచ్చి, "మా గోడ అదురుతోంది నాన్నా, పిల్ల చదువుకుంటోంది" అన్నారు, మెల్లగా. పోలీసులకు ఫోన్ చేయొచ్చు, చేయలేదు. ఆదివారం పొద్దున్నే బేసు పలికే పెద్ద స్పీకర్లు, సబ్‌వూఫర్లు, ఆ గోడ నుంచి దూరంగా జరిపాం. పెద్దమ్మా, ఈసారి సామాను దించకముందే మీ ఇంటికొచ్చి అడుగుతాం.

డబ్బు అందరం సమానంగా పంచుకున్నాం. మాస్టారు కవరు విప్పి లెక్కపెట్టి, ఎక్కువిచ్చారేమోనని అడిగారు. కాదు మాస్టారూ, అదే మీ వాటా. కుర్రాడికి జ్వరం తగ్గింది, పడుకునే ఆ ఐదో పాట రికార్డింగు నాలుగుసార్లు విన్నాడట.

శ్రావణంలో మొదటి ముహూర్తానికి మా శాక్సఫోన్ తమ్ముడూ ట్రాంబోన్ అన్నా మాస్టారి మేళంలో నడుస్తున్నారు. మేళంవాళ్లు తొడుక్కునే కోటుకు కొలతలు ఇచ్చి వచ్చారు.