ఆరోగ్య పేజీకి ఒక విన్నపం: తినే తీరు గురించి కూడా రాయండి

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రికలో వారం వారం వచ్చే ఆరోగ్య పేజీని చాలాకాలంగా చదువుతున్నాను. ఏ పదార్థంలో మాంసకృత్తులు ఎన్ని, పీచు ఎంత, ఏది తింటే ఏ జబ్బుకు దారితీస్తుంది, బరువు తగ్గాలంటే వేటిని మానెయ్యాలి అన్న సమాచారం అందులో విరివిగా వస్తోంది. ఎలా తినాలన్న సంగతి మాత్రం దాదాపు కనిపించడం లేదు. ఆకలి వేసి తింటున్నామా, దిగులు పుట్టి తింటున్నామా, ఎంత వేగంగా తింటున్నాం, కడుపు నిండిన సంగతి మనకు ఎప్పుడు తెలుస్తోంది అనే ప్రశ్నలకు అక్కడ చోటు దొరకడం లేదు. ఆహార సలహాల కోసం వచ్చేవారితో మాట్లాడటమే నా వృత్తి. ఈ లోటు వల్ల మనుషులు పడుతున్న బాధను దగ్గర నుంచి చూస్తున్నాను కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

నా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి ఏది మేలు చేసే ఆహారమో, ఏది కాదో బాగానే తెలుసు; కొందరికి కేలరీల లెక్కలు కంఠస్థం. అయినా కూర్చోగానే వాళ్లు చెప్పేది తాము ఏ నియమం తప్పారో అన్న సంగతే. కొన్నాళ్లు కట్టుదిట్టంగా ఉండటం, ఒక సాయంత్రం అదుపు తప్పి అందినదల్లా తినేయడం, ఆ సిగ్గుతో మర్నాడు పస్తుండటం, పస్తున్నందువల్లే మళ్లీ అదుపు తప్పడం వాళ్ల జీవితాల్లో ఏళ్ల తరబడి సాగుతూ ఉంటుంది. దీన్ని వాళ్లు తమ మనోబలం లోపమనుకుంటారు, ఇంట్లోవాళ్లు కూడా ఆ మాటే అంటారు. నిషేధానికి శరీరమూ మనసూ కలిసి ఇచ్చే సహజమైన జవాబు ఇదని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆ జవాబు ఎలా ఉంటుందో శాస్త్రజ్ఞులకు ఎనభై ఏళ్ల కిందటే తెలిసింది. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రారంభించారు. యుద్ధంలో ఆకలికి చిక్కిన ప్రజలకు తిరిగి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోక సైన్యంలో చేరని యువకుల్లో 36 మంది ఆరోగ్యవంతులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. 24 వారాలపాటు వారికి రోజుకు సగటున సుమారు 1,570 కేలరీల ఆహారం ఇవ్వగా, బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. అయితే ఆ ప్రయోగాన్ని ఇప్పటికీ గుర్తుపెట్టుకోవాల్సింది బరువు కోసం కాదు. అంతకుముందు తిండి గురించి పెద్దగా పట్టించుకోని యువకులు వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు, కలల్లో కూడా భోజనాలే చూశారు, ఉన్న కొద్దిపాటి ఆహారాన్ని చాలాసేపు సాగదీస్తూ తిని పళ్లేలు నాకారు. చిరాకు, దిగులు పెరిగి నలుగురిలో కలవడం తగ్గించుకున్నారు. తిరిగి కావలసినంత తినే వీలు కలిగాక కూడా కొందరు కడుపు నిండినా ఆకలి తీరలేదంటూ నెలల తరబడి అతిగా తిన్నారు. వాళ్లు వారానికి 35 కిలోమీటర్లు నడిచేవారు కాబట్టి ఆ 1,570 కేలరీల అంకెను నేటి పరిస్థితికి నేరుగా అన్వయించలేం. అయినా ఇప్పుడు చలామణీలో ఉన్న బరువు తగ్గించే పథకాలు ఎన్నో అంతకంటే తక్కువ కేలరీలకే మనిషిని కట్టేస్తున్నాయి. ఆ పథకం మధ్యలో తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయిందని వాపోయే మనిషిని బలహీనుడనడం అన్యాయం.

శరీరాన్ని అంతగా మాడ్చకపోయినా, ఇలా అదుపు తప్పడానికి నియమం మనసులో ఉంటే చాలు. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక అధ్యయనంలో, పాల్గొన్న యువతుల్లో కొందరికి ముందుగా మిల్క్‌షేక్ ఇచ్చి, ఆ తర్వాత రుచి చెప్పమనే నెపంతో ఐస్‌క్రీమ్ ఎదురుగా పెట్టారు. తిండి విషయంలో నిగ్రహం పాటించని వారు మిల్క్‌షేక్ తాగాక, సహజంగానే, ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకునే అలవాటున్నవారు మాత్రం, తాగనప్పటికన్నా తాగాకే ఎక్కువ తిన్నారు. ఈ రోజుకు నియమం ఎలాగూ పోయింది, ఇక ఎంత తింటే ఏమిటి అన్న ఆలోచనే అందుకు కారణమని పరిశోధకులు వివరించారు. ఈ మాటను దాదాపు ఇదే రూపంలో నేను తరచుగా వింటాను. ఒక పదార్థానికి విషమని పేరు పెడితే, దాన్ని కొద్దిగా తిని తృప్తిపడి ఆగే దారిని మనమే మూసేసినట్లవుతుంది. అందుకే మీ పేజీలో కొన్ని ఆహారాలను శత్రువులుగానూ, కొన్నింటిని అద్భుతాలుగానూ చిత్రించే శీర్షికలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

నిషేధం పని చేయకపోతే ఆగేది ఎలా అని అడుగుతారు. ఆగడానికి కావలసిన ఏర్పాటు శరీరంలోనే ఉంది. ఆహారం చేరి జీర్ణాశయం గోడలు సాగినప్పుడు ఆ కబురు వేగస్ నాడి ద్వారా మెదడుకు వెళుతుంది. ఆహారం పేగుల్లోకి దిగాక కోలెసిస్టోకైనిన్, జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు విడుదలై చాలు అన్న భావాన్ని బలపరుస్తాయి. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్న గ్రెలిన్ అనే ఆకలి హార్మోను క్రమంగా తగ్గుతుంది. శరీరంలో కొవ్వు నిల్వలు ఎంత ఉన్నాయో మెదడుకు తెలిపే లెప్టిన్ అనే హార్మోను సంగతి 1994లోనే బయటపడింది. ఇంత చక్కని ఏర్పాటుకు ఒకటే కావాలి, వ్యవధి. ఈ కబుర్లు అందడానికి నిమిషాలు పడుతుంది. ఆలోపే పళ్లెం ఖాళీ చేసేవారికి, చాలు అన్న మాట వినిపించేసరికి తినడం అయిపోయి ఉంటుంది.

వ్యవధి ఒక్కటే సరిపోదు, జ్ఞాపకం కూడా కావాలి. ఇది చాలామందికి ఆశ్చర్యంగా తోచే సంగతి. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్, ఆయన సహచరులు తీవ్రమైన మతిమరుపు ఉన్న ఇద్దరు రోగుల గురించి ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. భోజనం ముగించిన పది నుంచి ముప్పై నిమిషాలకే మరో భోజనం ముందు పెడితే, మొదటిది తిన్న గుర్తు లేని ఆ రోగులు దాన్ని మామూలుగానే తినేశారు. మూడోది పెట్టినా చాలాసార్లు తినడం మొదలుపెట్టారు. అంటే తిన్నామన్న ఎరుక కూడా ఆకలిని అదుపు చేసే శక్తుల్లో ఒకటి. టీవీ చూస్తూ తిన్నవారికి ఆ భోజనం సరిగా గుర్తుండదని, తర్వాత చిరుతిళ్లు ఎక్కువగా తింటారని ఇతర అధ్యయనాల్లోనూ తేలింది. ఫోన్ చూస్తూ తినడం మర్యాద కాదని పిల్లలను మందలించడంకన్నా, తెర ముందు తిన్న తిండి మెదడు ఖాతాలో సరిగా నమోదు కాదని చెప్పడం మేలు.

ఇక శ్రద్ధగా తినడమంటే అదేదో తపస్సు కాదు. తినడానికి కూర్చునే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది కడుపులో ఆకలా, అలసటా, విసుగా, ఎవరో అన్న మాట తాలూకు బాధా అని తనను తాను అడగడం మొదటి మెట్టు. జవాబు ఏదైనా కావచ్చు. ఆకలి కాదని తేలితే తినకూడదన్న నియమం ఇందులో లేదు, ఎందుకు తింటున్నామో తెలిసి తినడమే కావలసింది. మొదటి కొన్ని ముద్దలనైనా వాసన, రుచి, మెత్తదనం గమనిస్తూ నమలాలి. సగం తిన్నాక చేయి ఆపి, మొదటి ముద్దంత రుచిగా ఇప్పటిదీ ఉందా అని చూసుకోవాలి. ఆకలి తీరేకొద్దీ అదే పదార్థం ఇచ్చే ఆనందం తగ్గుతుందన్నది పరిశోధనలు నిర్ధారించిన విషయం, తినేవారు స్వయంగా పరీక్షించుకోగలిగిన విషయం కూడా. రోజంతా ఇలా తినడం ఎవరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట గుర్తు తెచ్చుకుంటే చాలు. దీన్ని కూడా ఒక కఠిన నియమంగా మార్చుకుని, శ్రద్ధ తప్పానని కుమిలిపోయేవారిని చూశాను. అప్పుడు పాత సంకెల తెగి కొత్త సంకెల పడినట్లే.

మనసు బాగా లేనప్పుడు తినడం గురించి ప్రత్యేకంగా ఒక మాట రాయాలి. తిండి వల్ల కాసేపు ఊరట కలగడం నిజం, దాన్ని తప్పని నేను అనను. సంతోషాన్నీ దుఃఖాన్నీ తిండితో కలిపి అనుభవించడం మనుషులందరికీ ఉన్నదే. చిక్కు ఎక్కడంటే, ఒంటరితనానికీ కోపానికీ నిద్రలేమికీ తిండి ఒక్కటే మందు అయినప్పుడు. అలాంటి మనిషికి ఆహార పట్టిక రాసిచ్చి పంపడం వల్ల ఉన్న ఒక్క ఊరట కూడా పోతుంది, దాని స్థానంలో ఏమీ రాదు. ముందు ఆ మనిషికి కావలసింది మాట్లాడటానికి ఒక తోడు, సరిపడా నిద్ర, అవసరమైతే మానసిక వైద్యుల సాయం.

అలాగని భారమంతా తినేవారి మీద వేయడం కూడా సబబు కాదు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆసుపత్రి ఆవరణలో ఉంచి, రెండు వారాలు అతిగా శుద్ధి చేసిన పారిశ్రామిక ఆహారం, మరో రెండు వారాలు పెద్దగా శుద్ధి చేయని ఆహారం పెట్టింది. వడ్డించిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమంగా ఉండేలా చూసి, ఎంత తినాలన్నది వారికే వదిలేశారు. పారిశ్రామిక ఆహారం తిన్న రోజుల్లో వారు రోజుకు దాదాపు 500 కేలరీలు అదనంగా తిన్నారు, వేగంగా తిన్నారు, సుమారు ఒక కిలో బరువు పెరిగారు. శరీరం చాలు అని చెప్పే లోపే గొంతు దిగిపోయేలా ఆహారాన్ని తయారుచేసి అమ్ముతున్నప్పుడు, శ్రద్ధగా తినండి అన్న సలహా ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. కుదురుగా కూర్చుని తినేంత విరామం ఇవ్వని ఉద్యోగాలదీ ఇదే దోషం. రేపటి పూట గడుస్తుందో లేదో తెలియని ఇంటికి ఈ సలహా ఇవ్వడం క్రూరత్వం అవుతుంది. అక్కడ ముందు కావలసింది తిండి.

పిల్లల విషయం మరింత సున్నితమైనది. ఆకలినీ తృప్తినీ గుర్తించే శక్తి పసిపిల్లలకు పుట్టుకతోనే ఉంటుంది. పాలు చాలనిపిస్తే బిడ్డ తల తిప్పేసుకుంటుంది. పళ్లెం ఖాళీ చేసేదాకా లేవకూడదన్న ఒత్తిడి ఆ శక్తిని మొద్దుబారుస్తుంది. 1999లో జెన్నిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక తినుబండారాన్ని ఎదురుగా ఉంచి తినకుండా ఆంక్ష పెడితే పిల్లల ధ్యాసంతా దాని మీదికే మళ్లింది, అవకాశం రాగానే దాన్నే కోరుకున్నారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల బాధ్యత. ఎంత తినాలన్నది బిడ్డ నిర్ణయం. ఈ విభజనను అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ ప్రతిపాదించారు, నాకు తెలిసి తల్లిదండ్రులకు ఇంతకన్నా ఉపయోగపడే సలహా లేదు. పిల్లల ఎదుట వారి ఒంటి గురించి, మన ఒంటి గురించి ఎగతాళిగా మాట్లాడకపోవడం కూడా ఇందులో భాగమే.

శ్రద్ధగా తినే ఈ పద్ధతికి ఉన్న హద్దులు కూడా పాఠకులకు చెప్పాలి. అతిగా తినే అలవాటు, మనసు బాగాలేనప్పుడు తినే అలవాటు తగ్గడానికి ఇది తోడ్పడుతుందని అధ్యయనాలు సూచిస్తున్నాయి. బరువు తగ్గించడంలో ఇతర పద్ధతులకన్నా మిన్న అని చెప్పడానికి మాత్రం తగిన ఆధారం లేదు, అలా ఆశపెట్టడం మోసం. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, ఆహార అలర్జీలు ఉన్నవారికి వైద్యులు చెప్పిన నియమాలు ప్రాణరక్షణకు అవసరం, వాటిని శ్రద్ధ పేరుతో పక్కన పెట్టకూడదు. తిండి పూర్తిగా తగ్గించుకుని చిక్కిపోయే అనొరెక్సియా వంటి రుగ్మతల్లో ఆకలి సంకేతాలు నమ్మదగినవిగా ఉండవు. మానసిక వ్యాధుల్లో అత్యధికంగా ప్రాణాలు తీసేవాటిలో అదొకటి కాబట్టి, అక్కడ వెంటనే చికిత్స కావాలి.

మీ పత్రికను నేను కోరేవి మూడే. బరువు తగ్గకముందు, తగ్గాక అంటూ పక్కపక్కన వేసే ఫోటోలను మానండి; అవి ఎందరినో నేను పైన వివరించిన చక్రంలోకి నెడుతున్నాయి. ఏ ఆహారం గురించైనా రాసేటప్పుడు ఎంత మోతాదులో, ఎంత తరచుగా, ఎవరికి అన్న వివరాలు లేకుండా విషమనో ఔషధమనో ముద్ర వేయకండి. నెలకు ఒకసారైనా తినే తీరు గురించి, ఆహార రుగ్మతల లక్షణాల గురించి, వాటికి చికిత్స ఉందన్న సంగతి గురించి మానసిక నిపుణుల చేత రాయించండి. అలాంటి శీర్షిక మొదలుపెడితే, నా వృత్తిలో తరచుగా ఎదురయ్యే ప్రశ్నలను, ఎవరి వివరాలూ బయటపడకుండా, క్రోడీకరించి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు