ఒక నవల మొత్తం చదివే వీలు మా పిల్లలకు ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతాను. నా క్లాసులో కూర్చునేవాళ్ళంతా పదిహేను దాటి పద్దెనిమిది నిండని పిల్లలు. వాళ్ళ తరఫున మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎదిగే వయసు గురించి, తనెవరో తను తెలుసుకోవడం గురించి తెలుగులో వచ్చిన మంచి నవలలను హైస్కూళ్ళకూ జూనియర్ కాలేజీలకూ కొనిపెట్టండి. వాటిని చదువుకోవడానికి వారానికి ఒక పీరియడ్ కేటాయించండి. ఆ పీరియడ్ మీద పరీక్ష మాత్రం పెట్టకండి.

మా పిల్లలు చదివేదంతా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక పద్యభాగం, ఒక కథ, ఒక వ్యాసం, ప్రతిదాని చివరా ప్రశ్నలు. పదో తరగతిలో ఉపవాచకంగా రామాయణం ఉంది, సంతోషమే. కానీ దాన్ని కూడా గైడు చూసి జవాబులు బట్టీ పట్టడంతోనే సరిపోతుంది. ఇంటర్‌కు వచ్చాక ఎంపీసీ, బైపీసీ వాళ్ళకు భాష అంటే మొత్తం మార్కులు పెంచే సబ్జెక్టు. ఒక మనిషి కథను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తనంతట తాను చదివిన అనుభవం ఒక్కటీ లేకుండానే చాలామందికి పన్నెండేళ్ళ చదువు పూర్తయిపోతోంది.

దీనివల్ల ఏం పోయిందని ఎవరైనా అడగవచ్చు. బారిష్టర్ పార్వతీశం సంగతే తీసుకోండి. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఆ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుకు సీమకు బయల్దేరడం, మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొని నెత్తిన పెట్టుకోవడం, ఓడలో పడిన అవస్థలు... ఇవి తెలుగు వాళ్ళందరికీ తెలుసు, ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. కానీ ఆ నవల మూడు భాగాలు. తర్వాతి భాగాల్లో పార్వతీశం ఎడింబరోలో చదువుకుంటాడు, అక్కడి మనుషుల్లో కలుస్తాడు, బారిష్టరై తిరిగొస్తాడు, స్వాతంత్ర్యోద్యమం వైపు నడుస్తాడు. నవ్వించే ఘట్టం ఒక్కటే చదివినవాళ్ళకు అతను ఎప్పటికీ ఏమీ తెలియని పల్లెటూరివాడుగా మిగిలిపోతాడు. మూడు భాగాలూ చదివినవాళ్ళకు, అందరూ నవ్విన ఆ కుర్రాడే పెద్దవాడు కావడం కనిపిస్తుంది.

మా కాలేజీకి ఊళ్ళ నుంచీ తండాల నుంచీ బస్సుల్లో వచ్చే పిల్లలు ఉన్నారు. ఇంగ్లీషులో ఒక మాట తప్పు పలికితే వెనక బెంచీలో నవ్వు వినిపిస్తుంది. నాలుగు రోజులు అలా నవ్వితే కొందరు నోరే మెదపరు. తర్వాత కాలేజీకే రారు. ఆ పిల్లలకు కావాల్సింది పార్వతీశం రెండో భాగం, మూడో భాగం. మనం మొదటి భాగంలోని ఒకటి రెండు సరదా ఘట్టాలు చెప్పి ఊరుకుంటున్నాం.

పాఠం ఒక మాట చెప్పి ఆగుతుంది. మంచి కథానిక కూడా ఒక్క సంఘటన దగ్గరో, ఒక్క మలుపు దగ్గరో ముగుస్తుంది. నవలలో మనిషి ఏళ్ళ తరబడి మన కళ్ళ ముందు ఉంటాడు. తప్పు చేస్తాడు, దాని ఫలితం వంద పేజీల తర్వాత గానీ తెలియదు. ఇవాళ అతనికి ప్రాణం పోయేంత పెద్దదిగా అనిపించిన అవమానం పాతికేళ్ళు వచ్చేసరికి గుర్తు చేసుకుని చెప్పుకునే సంగతి అవుతుంది. పదహారేళ్ళ పిల్లలకు ఈ కాలం లెక్క తెలియదు. ఇప్పుడున్నదే ఎప్పటికీ ఉంటుందనుకుంటారు. కొడవటిగంటి కుటుంబరావు గారి చదువు నవలలో సుందరం పలక పట్టిన రోజుల నుంచి పెద్దవాడయ్యే దాకా మనతోనే ఉంటాడు. చుట్టూ దేశం మారుతుంటే, ఇంట్లో మనుషులు మారుతుంటే, అతనిలో ఏది ఎప్పుడు మారిందో అతనికే తెలియకుండా మారిపోతుంది. ఎదగడం అలాగే జరుగుతుందని ఉపన్యాసం ఇచ్చి చెప్పలేను. ఆ నవల చదివితే తెలుస్తుంది.

ఇంట్లో సిగ్గు మోసుకుని వచ్చే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. నాన్న తాగుడు, అమ్మ గురించి ఊళ్ళో మాట. ఇవి టీచరుకు చెప్పరు, స్నేహితులకూ చెప్పరు. బుచ్చిబాబు గారి చివరకు మిగిలేది 1946-47లో వచ్చింది. అందులో దయానిధి తల్లి గురించి లోకం అనుకునే మాటల నీడలోనే పెరుగుతాడు. చదువుకుని డాక్టరైనా ఆ నీడ అతన్ని వదలదు. ప్రేమించలేకపోవడం, మనుషుల్ని నమ్మలేకపోవడం ఎక్కడ మొదలయ్యాయో అతను వెతుక్కుంటూ పోతాడు. ఇది తేలిక పుస్తకం కాదు. రెండో సంవత్సరం పిల్లల్లో కూడా కొందరికే పట్టుబడుతుంది. కానీ ఆ కొందరికి, ఇలాంటి బరువు మోసింది తామొక్కరే కాదని ఎనభై ఏళ్ళ కిందటి తెలుగు పుస్తకం చెప్పగలదు.

1969లో వచ్చిన నవీన్ గారి అంపశయ్య కూడా అలాంటిదే. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు, అంతా అతని మనసులో నడిచే ఆలోచనల వెంటే. చేతిలో డబ్బు లేకపోవడం, పరీక్షల టెన్షన్, కోరికలు, తన మీద తనకే కలిగే ఏవగింపు. సంక్షేమ హాస్టళ్ళలో ఉండి చదువుకునే మా పిల్లలకు ఆ గది, ఆ మెస్సు, ఆ ఒంటరితనం బాగా తెలుసు.

ఇలాంటి పుస్తకాలు పిల్లలకు ఇవ్వవచ్చా అని మీ అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్నీ అందరికీ ఇవ్వమని నేను అనను. తొమ్మిది, పది తరగతులకు కొన్ని, ఇంటర్ రెండో ఏడాదికి కొన్ని, డిగ్రీకి వెళ్ళాకే చదవదగినవి కొన్ని. ఈ విభజన చేయడానికి తెలుగు టీచర్లతో, లైబ్రేరియన్లతో ఒక చిన్న కమిటీ వేయండి. అయితే ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించని నీతికథలే ఏరుకుని జాబితా తయారు చేస్తే పిల్లలు రెండో పేజీ తిప్పరు. వాళ్ళ ఫోనుల్లో ఇంతకంటే ఎంతో ముదురు సంగతులు, వివరించి చెప్పే పెద్దమనిషి ఒక్కరూ లేకుండా, పగలూ రాత్రీ వచ్చి పడుతున్నాయి.

ఒక లోటు కూడా చెప్పాలి. పైన నేను చెప్పినవన్నీ అబ్బాయిల కథలు. ఆడపిల్ల ఎదుగుదలను ఆమె వైపు నుంచి చెప్పిన నవలలు మనకు ఉన్నాయి గానీ, వాటిలో చాలావరకు పెళ్ళి దగ్గర మొదలవుతాయి. 1987లో వచ్చిన ఓల్గా గారి స్వేచ్ఛలో అరుణ పెళ్ళయ్యాక కూడా స్వేచ్ఛ అంటే ఏమిటో వెతుక్కుంటూనే ఉంటుంది. ఇంటర్ దాటబోతున్న అమ్మాయిలు ఆ పుస్తకం తప్పక చదవాలి. సోమరాజు సుశీల గారి ఇల్లేరమ్మ కతల్లో ఒక చిన్న పిల్ల కళ్ళతో ఇల్లూ ఊరూ కనిపిస్తాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న వయసు, అంటే మా క్లాసులో కూర్చున్న అమ్మాయి వయసు, ఇంకా చాలినంతగా ఎవరూ రాయలేదు. చదువా పెళ్ళా అన్న ప్రశ్న పదహారేళ్ళకే ఎదురయ్యే అమ్మాయి గురించి, అరకు లోయ నుంచి హాస్టలుకు వచ్చిన అబ్బాయి గురించి కొత్త నవలలు కావాలి. ఖదీర్ బాబు గారి దర్గామిట్ట కతలు నెల్లూరు యాసలో ఒక ముస్లిం కుర్రాడి బాల్యాన్ని చెప్పాయి, నామిని గారి కతలు చిత్తూరు జిల్లా పలుకులో వచ్చాయి. తమ ఇంట్లో మాట్లాడే మాట అచ్చులో కనిపించగానే పిల్లల ముఖాలు మారడం నేను చూశాను. అలాంటి రచనలు ఈ వయసు పిల్లల కోసం రాసేవాళ్ళకు ప్రభుత్వం ఏటా పోటీ పెట్టి, గెలిచినవాటిని అచ్చు వేసి అన్ని కాలేజీలకూ పంపవచ్చు.

ఇంటర్ ఫలితాల రోజు పిల్లల ఆత్మహత్యల వార్తలు చూస్తే నాకు చెయ్యి వణుకుతుంది. నవలలు చదివితే ఆ చావులు ఆగిపోతాయని నేను చెప్పను, అలా చెప్పే హక్కు నాకు లేదు. దానికి కౌన్సెలర్లు కావాలి, ఊపిరాడనివ్వని స్టడీ అవర్లు తగ్గాలి, ఇంట్లో మాటతీరు మారాలి. కానీ ర్యాంకు ఒక్కటే మనిషికి కొలత అని పొద్దున్న నుంచి రాత్రి దాకా వినే పిల్లలకు, ఇంకో కొలత ఉందని చెప్పే ఒక పుస్తకమైనా అందుబాటులో ఉండాలి.

ఇక డబ్బు, నియమాలు. బడుల కోసం కేంద్రం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి లైబ్రరీకి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రాంటు ఇచ్చే ఏర్పాటు ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా ప్రజలు కడుతూనే ఉన్నారు. ఆ పన్ను మొత్తం జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఎప్పటికప్పుడు చేరేలా చూస్తే, శాఖా గ్రంథాలయం నుంచి దగ్గర్లోని కాలేజీకి నెలకోసారి పుస్తకాల పెట్టె పంపడం పెద్ద ఖర్చు కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో ఈ నేల మీద పడవలో గ్రంథాలయం కాలువ వెంట ఊరూరికీ తిరిగింది.

అసలు అడ్డంకి డబ్బు కంటే భయం. చాలాచోట్ల పుస్తకాలు ఉన్నాయి, బీరువాకు తాళమూ ఉంది. పిల్లవాడు పుస్తకం పోగొడితే ఆడిట్‌లో తేలుతుందని, తన జీతంలోంచి పట్టుకుంటారని ఇన్‌చార్జి టీచరు దాన్ని బయటికి తీయరు. ఆమెను తప్పు పట్టలేను. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) ఏడాదిలో ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే, అందులో మోసమూ నిర్లక్ష్యమూ లేకపోతే, సహజమైన నష్టంగా ఒప్పుకుంటాయి. బడి పిల్లల విషయంలో మన రాష్ట్రం ఇంకాస్త ఉదారంగా ఒక జీఓ ఇవ్వాలి. పుస్తకం చిరిగిందంటే ఎవరో చదివారనే అర్థం చేసుకోవాలి. ఆ ఒక్క జీఓ వస్తే రాష్ట్రంలో ఎన్నో బీరువాలు తెరుచుకుంటాయి.

పరీక్ష వద్దని ఎందుకు అంటున్నానో కూడా చెబుతాను. మార్కులు పెట్టిన మరుక్షణం ఈ నవలలకు కూడా గైడ్లు వస్తాయి. పార్వతీశం స్వభావాన్ని వివరింపుము అన్న ప్రశ్నకు పది పాయింట్ల జవాబు గోడల మీద వేలాడుతుంది. పిల్లలు చదివింది ఇంకొకరికి చెప్పనివ్వండి, ఒక పాత్రతో పోట్లాడనివ్వండి, నచ్చకపోతే సగంలో వదిలేసి ఇంకొకటి తీసుకోనివ్వండి. రిపోర్టులు, ఫొటోలు, యాప్‌లో అప్‌లోడ్‌లు కూడా అడగవద్దని నా విన్నపం.

2025 జనవరి నుంచి మా కాలేజీల్లో డొక్కా సీతమ్మ గారి పేరుతో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఆకలితో మధ్యాహ్నం ఇంటిదారి పట్టే పిల్లలు ఇప్పుడు సాయంత్రం దాకా ఉంటున్నారు. భోజనం తర్వాత ఉన్న ఆ సమయంలోనే వారానికి ఒక గంట అడుగుతున్నాను. నవంబర్ 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఆ లోపు జాబితా కమిటీ వేసి, నష్టాల మాఫీ జీఓ ఇస్తే, ముందుగా జిల్లాకు కొన్ని కాలేజీల్లోనైనా మొదలుపెట్టవచ్చు. మా కాలేజీని ఆ మొదటి జాబితాలో చేర్చమని కోరుతున్నాను. బీరువా తాళం బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు
ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాల తెలుగు అధ్యాపకురాలు