నాలుగక్షరాల ముద్ర

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో 'మీరు ఏ టైప్?' అని పన్నెండు ప్రశ్నల క్విజ్ వేశారు, మార్కులు కూడుకుంటే ఏ ఉద్యోగం నప్పుతుందో కూడా కిందనే చెప్పేశారు. సరదాకైతే నాకేం పేచీ లేదు. కానీ సరిగ్గా ఇదే సంగతి మీద మా ఇంట్లో పది రోజులుగా రభస నడుస్తోంది, అందుకే రాస్తున్నా.

మా మేనకోడలు బీటెక్ ఫైనలియర్. నాలుగక్షరాలు వస్తాయని చదువుకు పంపితే కాలేజీ వాళ్ళు నాలుగక్షరాల ముద్ర వేసి పంపారు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ పేరుతో ఒక పర్సనాలిటీ టెస్ట్ రాయించారట, ఎవరిది ఏ రకమో క్లాసులో అందరి ముందే చదివారట. ఒక్కొక్కరికి నాలుగేసి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి, ఈమెది 'ఐ'తో మొదలైంది. "నువ్వు ఇంట్రావర్ట్‌వి, క్లయింట్లతో మాట్లాడే పోస్టులు నీకు పడవు" అని ట్రైనర్ తేల్చేశాడు. ఇంటికొచ్చి "మామా, నేను చిన్నప్పటి సంది గిట్లనేనా?" అని అడిగింది. ఏం చెప్పను? సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర అంత మందిలో పాట ఎత్తేది ఈ పిల్లే, ఆమె ఎత్తితే చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా అందుకుంటారు. గ్రూప్ డిస్కషన్‌లో మాత్రం నోరు పెగలదు, అదీ నిజమే.

నేను బీఈడీ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, ఇప్పటికీ సాయంత్రాలు నయీంనగర్‌లో టెట్, డీఎస్సీ పిల్లలకు చెప్తుంటా. మూర్తిమత్వం, అంటే పర్సనాలిటీ, చాప్టర్‌ను వాళ్ళు బిట్ల కోసం చదువుతారు. అచిత్తు, అహం, అధ్యహం అంటే ఫ్రాయిడ్, అంతర్ముఖులు, బహిర్ముఖులు అంటే యూంగ్, ఆత్మభావన అంటే రోజర్స్. మార్కు పడితే అయిపోయింది. వీళ్ళలో ఎవరు ఎవరితో ఎందుకు విభేదించారో వాళ్ళు అడగరు, మేమూ చెప్పం, ఒప్పుకుంటున్నా.

ఎంబీటీఐ అనే ఆ నాలుగక్షరాల టెస్టుకు మూలం యూంగ్ 1921లో రాసిన పుస్తకం. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్ అనే ఆమె, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ దాని ఆధారంగా రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ప్రశ్నలు తయారుచేశారు. ఇద్దరూ సైకాలజీ చదువుకున్నవాళ్ళు కాదు. అంతర్ముఖుడా బహిర్ముఖుడా అన్నట్టు నాలుగు జతలు, ఒక్కో జతలో ఇటైనా ఉండాలి అటైనా ఉండాలి, జతకో అక్షరం, మొత్తం 16 రకాలు. నా పేచీ ఈ 'ఇటా అటా' దగ్గరే. మనుషుల్ని పొట్టి, పొడుగు అని రెండే రకాలు చేసి మధ్యలో గీత గీశామనుకోండి, జనం ఎక్కువుండేది ఆ గీతకు అటూ ఇటూనే కదా, అర అంగుళం తేడాతో ఒకడు పొట్టివాడు, పక్కవాడు పొడుగువాడు అవుతారు. కొన్ని వారాలాగి అదే టెస్ట్ మళ్ళీ రాస్తే చాలామందికి ఏదో ఒక అక్షరం మారిపోయేది అందుకే. పూర్తిగా అంతర్ముఖుడైన మనిషంటూ ఉండడని యూంగే అన్నాడు, ఆ మాట మాత్రం టెస్టుతో పాటు రాలేదు.

రకాలు కాదు, కొలతలు కావాలన్నవాళ్ళు వేరే దారి పట్టారు. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే సైకాలజిస్టులు ఇంగ్లిష్ డిక్షనరీ ముందేసుకుని మనిషి తీరును చెప్పే మాటలు ఏరితే దాదాపు 18,000 తేలాయి. క్యాటెల్ వాటిని 16 లక్షణాంశాలకు (ట్రెయిట్స్) కుదించాడు, ఐసెంక్ ముందు రెండే చాలన్నాడు, తర్వాత మూడన్నాడు, ఇప్పుడు ఎక్కువమంది ఐదు దగ్గర ఆగారు. ఆ ఐదింట్లో బహిర్ముఖత ఒకటి, కానీ అక్కడ అది తక్కువా ఎక్కువా అనే కొలత.

వీళ్ళకూ 1968లో వాల్టర్ మిషెల్ గట్టిగా తగులుకున్నాడు. టెస్టులో వచ్చిన మార్కుకూ, ఫలానా చోట మనిషి నిజంగా చేసేదానికీ సంబంధం 0.30 దాటడం అరుదన్నాడు, పూర్తిగా కలిస్తే అది 1 అవుతుంది. ఇది చదివినప్పుడల్లా నాకు మా నాన్నే గుర్తొస్తాడు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకుపోయిన రోజు అడ్తిదారుతో ఆయన వాదిస్తుంటే పక్క కుప్పల దగ్గరి రైతులు వచ్చి నిలబడేవాళ్ళు, ఇంటికొస్తే మాత్రం ఉన్నాడో లేడో కూడా తెలిసేది కాదు, అన్నం పెట్టమని కూడా అడగకుండా పీట మీద కూర్చునేవాడు. ఆయన ఏ టైపు? ఈ చోట ఇట్లా, ఆ చోట అట్లా అన్న ఆ తీరే మనిషి గుర్తు అని మిషెల్ తర్వాత రాశాడు. రోజుల తరబడి చూసి సగటు తీస్తే మనిషి నిలకడగానే కనపడతాడని లక్షణాంశాల వాళ్ళు జవాబిచ్చారు, అదీ కొట్టేసే మాట కాదు. కానీ రోజుల తరబడి ఎవరు చూశారు మా పిల్లను? అరగంట టెస్ట్ అది.

ఇక 'నేను' అన్న సంగతి వేరు. విలియం జేమ్స్ 1890లోనే, మనల్ని ఎంతమంది ఎరుగుదురో మనకు అన్ని 'నేను'లు ఉంటాయన్నాడు. రోజర్స్‌కు నేనెవరినన్నదానికంటే నన్ను నేను ఎట్లా చూసుకుంటున్నానన్నదే ముఖ్యం. ఒక పని నా వల్ల అవుతుందన్న నమ్మకం గురించి బందూరా 1977లో రాశాడు, ఆ నమ్మకం అన్నిటికంటే ఎక్కువగా సొంతంగా చేసి గెలిచిన అనుభవం నుంచి వస్తుందని, ఎదుటివాళ్ళ మాటకూ అందులో వాటా ఉందని. ట్రైనర్ మాట సరిగ్గా అక్కడ తగిలింది. మర్నాడు ఒక కంపెనీ వస్తే క్లయింట్ పోస్టని తెలిసి మా పిల్ల పేరే ఇవ్వలేదు. టెస్ట్ ఆమె గురించి ఏం చెప్పిందో గానీ, ఆ రోజు నుంచి ఆమె దాని ప్రకారం నడవడం మొదలుపెట్టింది.

"కానీ సార్, నాకు వచ్చింది అచ్చు నా గురించే ఉంది" అంటారు మా టెట్ పిల్లలు. 1948లో ఫోరర్ అనే అమెరికా లెక్చరర్ 39 మంది విద్యార్థులకు టెస్ట్ పెట్టి, ఎవరి ఫలితం వారిదన్నట్టు చెప్పి అందరికీ ఒకే కాగితం పంచాడు. అందులో రాసింది జ్యోతిష్యం పుస్తకంలోంచి ఎత్తిన వాక్యాలు. ఎంత సరిగ్గా ఉందో మార్కులేయమంటే సగటున ఐదుకు 4.26 వేశారు. మీ క్విజ్‌కు రెండు పేజీల అవతల రాశిఫలాలు ఉన్నాయి కాబట్టి ఇది గుర్తొచ్చింది, ఏమనుకోకండి.

క్విజ్ ఆపమనడం లేదు. ఉద్యోగాల కాలమ్ ఒక్కటి తీసేయండి. ఆ 16 రకాల టెస్టును ఉద్యోగాల ఎంపికకు వాడొద్దని దాన్ని అమ్మేవాళ్ళే చెప్తున్నారు, ఆ ఒక్క ముక్క పెద్దక్షరాల్లో వేయండి. కాలేజీల వాళ్ళు ఎట్లాగూ మీ పేపర్ చూస్తారు. ఫలితాలు పిల్లలకు విడిగా ఇవ్వమనండి, హాజరు పిలిచినట్టు చదవొద్దనండి.

వచ్చే వారం ఇంకో కంపెనీ వస్తోంది. ఈసారి పేరిచ్చింది, క్లయింట్ పోస్టుకే. నేను చెప్పిన ఈ సిద్ధాంతాలన్నీ విని కాదు లెండి, "బతుకమ్మ కాడ గా నోరేడికెల్లి వస్తది నీకు" అని వాళ్ళమ్మ తిడితే.

ఇట్లు,
రిటైర్డ్ లెక్చరర్, హనుమకొండ