బూట్ల విషయమై పెద్దమ్మాయికి

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. చిన్నాడు పరీక్షలు బాగానే రాశానంటున్నాడు. టెక్కలి మామయ్య గృహప్రవేశం మాఘంలో పెట్టుకున్నాడు. నీకు సెలవు దొరుకుతుందో లేదో ముందే కనుక్కో. మహేంద్రతనయలో నీళ్ళు బాగా తగ్గాయి.

నువ్వు ఫోనులో "బాగున్నాను నాన్నా, ప్రాక్టీసుకు వెళ్తున్నాను" అని రెండు ముక్కలు పంపి ఊరుకుంటున్నావు. వీడియో కాల్ చేస్తే ముఖం వరకే చూపిస్తున్నావు. పార్సిల్‌లో పెడితే ఉత్తరమైనా పూర్తిగా చదువుతావని రాస్తున్నాను.

మొన్న పాతపట్నం పిన్ని బజారుకు వచ్చి మన సైకిలు కొట్టు దగ్గర ఆగింది. వాళ్ళ తోడికోడలి కొడుకు ఢిల్లీలో ఉన్నాడు కదా, స్టేడియం బయట నిన్ను చూశాడట. కుంటుతూ నడుస్తున్నావని చెప్పాడట. ఏ కాలో పిన్నికి గుర్తు లేదు. పిన్ని మాటల సంగతి మనకు తెలియనిది కాదు. దాన్ని అలా ఉంచు. నేను నీ సైకిలు పందేల బూట్ల గురించి రాద్దామని కూర్చున్నాను.

దీపావళికి వచ్చినప్పుడు నీ బూట్లు అరుగు మీద ఆరబెట్టావు. లోపల 41 అని ఉంది. నీ పాదం 39. లోపల రెండు అట్టలు వేసుకున్నావు. "సీనియర్ అక్క ఇచ్చింది నాన్నా, బాగానే ఉన్నాయి" అన్నావు. అమ్మ ముందు ఆ మాట పొడిగించడం ఎందుకని అప్పుడు ఊరుకున్నాను. తర్వాత రాత్రుళ్ళు కొట్టు మూసి, ఈ బూట్లు, పెడళ్ళ గురించి దొరికినదల్లా చదివాను, వీడియోలు చూశాను. పుట్టినప్పటి నుంచి సైకిళ్ళ మధ్య ఉన్నవాణ్ణి, చదివితే అర్థం కాకపోదు.

మన కొట్టుకు వచ్చే సైకిళ్ళకు ఫ్రీవీలు ఉంటుంది. కాలు జారినా పెడల్ ఆగుతుంది. నీ ట్రాక్ సైకిలుకు ఫ్రీవీలూ లేదు, బ్రేకూ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. మంచి వేగంలో బూటు ఊడి వచ్చిందంటే ఆ పెడల్ ఆగకుండా తిరిగి వచ్చి పిక్కను కొడుతుంది. అలా ఊడే ప్రమాదం నిలబడి బయలుదేరేటప్పుడు ఎక్కువ. పందెం మొదట్లో సైకిలును పట్టి ఉంచే గేటు వెనక చక్రాన్ని వదలగానే ఒక కాలు బలమంతా పెట్టి కిందికి తొక్కుతుంది, రెండో కాలు పైకి లాగుతుంది. లాగే కాలి బూటు వదులుగా ఉంటే మడమ లేస్తుంది. లేచిన మడమ కాస్త పక్కకు తిరిగిందా, బూటు అడుగున ఉండి పెడల్‌లో ఇరుక్కునే ఆ ముక్క, క్లీట్, విడిపోతుంది. కావాలని విడిపించుకునేటప్పుడు నువ్వు చేసేదీ మడమను పక్కకు తిప్పడమే కదా! అందుకే రెండు సైజుల పెద్ద బూటు అంటే నాకు భయం. పెడల్ స్ప్రింగు స్క్రూ ఎంత బిగించినా, పైన తోలు పట్టీ వేసినా, బూటు లోపల పాదం ఆడుతుంటే ఆ బిగింపు దేనికి?

పిన్ని చెప్పింది నిజమైతే నువ్వు పడింది ఇలాగేనేమో అనిపించింది. పడలేదంటే సరే.

తాతయ్య చెప్పే సైకిలు ప్రదర్శన సంగతి నీకు సగమే తెలుసు. మిగతా సగం నేను చూశాను. నా చిన్నప్పుడు ఊరూరా తిరిగి, వారం రోజులు సైకిలు దిగకుండా తొక్కేవాళ్ళు ఉండేవాళ్ళు. ఒకతను నౌపడా నుంచి చిన్న రైలులో సైకిలు వేసుకుని మన ఊళ్ళో దిగాడు. మైదానంలో గుంజలు పాతి, తాడు కట్టి, మైకు పెట్టారు. అన్నం సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే. సాయంత్రం ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి అతని చొక్కాకు రూపాయి నోట్లు గుచ్చేవాళ్ళు. సైకిలు బాగోగులు తాతయ్య చూసేవాడు. గాలి కొట్టడం నా పని. అతను పక్కనే నెమ్మదిగా తొక్కుతుంటే తాతయ్య వెంట నడుస్తూ గొలుసుకు నూనె వేసేవాడు. అతని కాళ్ళకు ఎవరో దానం చేసిన పెద్ద గుడ్డబూట్లు. ముందు వైపు చింపిరి గుడ్డలు కుక్కుకున్నాడు. తాతయ్య మొదటి రోజే చూసి, కొలత ఇస్తే మన వీధి చెప్పులాయన పొద్దుటికి కుట్టి ఇస్తాడని చెప్పాడు. అతను వినలేదు. ఇవే బాగున్నాయి బాబూ అన్నాడు. మూడో రోజుకు పాదం ముందుకూ వెనక్కూ జారి బొటనవేలి గోరు నల్లబడిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ప్రదర్శన ఆపేస్తారని, ఇంటికి పంపాల్సిన డబ్బు పోతుందని అతని భయం. నాలుగో రాత్రి జనం పలచబడ్డాక కాలు పెడల్ మీద నుంచి జారి, మడమ చువ్వల్లోకి వెళ్ళింది. సైకిలు పక్కకు ఒరిగింది. నేను గుంజ దగ్గరే నిద్రపోతున్నాను, ఆ కేకకు లేచాను. తాతయ్య అతన్ని మన ఇంటికి తెచ్చి అరుగు మీద పడుకోబెట్టాడు. నానమ్మ పసుపు పెట్టి కట్టు కట్టింది. బూటు విప్పితే లోపల గుడ్డలన్నీ రక్తం. కాలు మానేదాకా ఇంట్లోనే ఉన్నాడు. వెళ్ళేటప్పుడు తాతయ్య కొలిచి కుట్టించిన చెప్పులు ఇచ్చాడు, పెడళ్ళకు పాత ట్యూబు కోసి పట్టీలు కట్టి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. మొదటి రోజే నొప్పి సంగతి చెప్పి ఉంటే వారమూ తొక్కేవాడివి కదా అని మాత్రం గట్టిగానే మందలించాడు. ఆ సైకిలుకు ఫ్రీవీలు ఉంది చిట్టీ. నీ సైకిలుకు లేదు.

కాబట్టి సీనియర్ బూట్లు ఆమెకు మర్యాదగా తిరిగి ఇచ్చెయ్యి. కొత్తవి కొనేటప్పుడు సాయంత్రం వెళ్ళు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పందెంలో వేసుకునే మేజోళ్ళే వేసుకుని వెళ్ళు. రెండు కాళ్ళకూ తొడిగి చూడు, పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకో. వేళ్ళు చాపుకునేంత చోటు చాలు, మడమ మాత్రం లేవకూడదు. బూటు అడుగున ఉండే కార్బన్ అట్టను రెండు చేతులతో వంచి చూడు, వంగకూడదు. తిప్పి బిగించే డయలు అందంగానే ఉంటుంది, కానీ నిలబడి బయలుదేరే నీకు లేసులో, గట్టి పట్టీయో మేలని నాకు అనిపిస్తోంది. కోచ్ గారు వేరేలా చెబితే ఆయన మాటే విను. క్లీట్ బొటనవేలి మొదటి కీలు కిందకు రావాలి. అది వంకరగా ఉంటే నొప్పి వచ్చేది మోకాలికి. ముందు ముందు క్లీట్ అరిగి మార్చేటప్పుడు, పాతది విప్పే ముందు దాని చుట్టూ పెన్నుతో గీత గీసుకో.

రంగుల దగ్గర పొరపాటు పడకు. లుక్ కంపెనీ క్లీట్లలో నల్లది మడమను అసలు కదలనివ్వదు, బూడిద రంగుది నాలుగున్నర డిగ్రీలు, ఎర్రది తొమ్మిది డిగ్రీలు కదలనిస్తుంది. షిమానో కంపెనీ వాటిలో ఎర్రదే కదలనివ్వనిది, నీలం రెండు డిగ్రీలు, పసుపు ఆరు. అంగడిలో ఎర్రది ఇవ్వండి అని మాత్రం అడిగితే ఏది చేతికొస్తుందో! ఒకరి క్లీట్ ఇంకొకరి పెడల్‌కు పట్టదు కూడా. క్లీట్ ఇరుక్కునే ఈ పెడళ్ళు, మంచు మీద జారే స్కీలకు బూట్లను బిగించే బిగింపుల నుంచి పుట్టాయని చదివి ఆశ్చర్యపోయాను. లుక్ అనే ఫ్రెంచి కంపెనీ 1984లో తెచ్చింది, మరుసటి ఏడాది బెర్నార్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. జపానులో 1948 నుంచి జరుగుతున్న కీరిన్ అనే ట్రాక్ సైకిలు పందేల్లో మాత్రం ఇప్పటికీ ఉక్కు బుట్ట, తోలు పట్టీల పెడళ్ళేనట. పట్టీ వేసుకోవడానికి సిగ్గుపడాల్సిందేమీ లేదని చెప్పడానికే ఇదంతా.

ఎడమ పెడల్‌ది ఎడమ మర. నీకు తెలుసు, అయినా రాస్తున్నాను. బిగించేటప్పుడు తొందరలో మామూలు మరలా కుడివైపుకు తిప్పావంటే, పెడల్‌ను పట్టి ఉంచే క్రాంకు మర పోతుంది. విమానం చేసిన రైట్ సోదరులు సైకిలు కొట్టు వాళ్ళే, ఇలా ఎడమ మర పెట్టి, దానంతటదే ఊడని పెడల్ అని 1900లోనే వాళ్ళు ప్రకటించారు. మర ఎక్కించే ముందు కాస్త గ్రీజు రాయి. మలుపుల్లో మీ స్టేడియం చెక్క ట్రాకు నలభై డిగ్రీలకు పైగా వాలుతుంది, నెమ్మదిగా తిరిగితే కుడి పెడల్ చెక్కకు తగులుతుంది. పొట్టి క్రాంకు, సన్నని పెడల్ అందుకే. కోచ్ గారు వేగం తగ్గించవద్దంటే ఆ మాట విను. సిమెంటు నేల మీద క్లీట్లతో నడవకు, అరిగిన క్లీట్ ఉన్నట్టుండి వదిలేస్తుంది. తొడుగులు వేసుకో.

డబ్బు గురించి ఆలోచించకు. జీడితోట కౌలు వచ్చింది, ఇరవై వేలు నీ ఖాతాలో వేశాను. దాన్ని మెస్సు బాకీకి పెట్టకు, అది వేరే పంపిస్తాను. నా దగ్గర డబ్బు లేదని నీకు ఎవరు చెప్పారు? 2022లో ఢిల్లీలో రొనాల్డో సింగ్ ఆసియా ట్రాక్ సైక్లింగ్ ఛాంపియన్‌షిప్ స్ప్రింటులో రజతం తెచ్చినప్పుడు నువ్వు టీవీ ముందు గెంతులేశావు. ఆ ట్రాకు మీదే నా కూతురు తొక్కుతోందని కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాను.

పార్సిల్‌లో ఉసిరి ఊరగాయ, కందిపొడి, బరంపురం అప్పడాలు అమ్మ పెట్టింది. నేను అలెన్ కీలు, 15 నంబరు పానా, గ్రీజు డబ్బా, క్రేప్ బ్యాండేజీ పెట్టాను. బ్యాండేజీ ఊరికే ఉంటుందని పెట్టాను. అడుగున రెండు తెల్ల కాగితాలు ఉన్నాయి. సాయంత్రం పూట వాటి మీద నిలబడి, పక్క గది అమ్మాయి చేత రెండు పాదాల చుట్టూ గీయించు, పెన్సిలు నిలువుగా పట్టుకోమను. ఎక్కడైనా వాపు ఉంటే అక్కడ చుక్క పెట్టు. ఫోటో తీసి పంపించు. బుధవారం రాత్రి ఎనిమిదికి అమ్మా నేనూ కాల్ చేస్తాం. ఫోను కింద నేల మీద పెట్టి నాలుగు అడుగులు నడిచి చూపించు.

నాన్న