పిల్లల పుస్తకాలు పిల్లలనే ఎంచుకోనివ్వండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. హనుమకొండ జిల్లాలోని ఒక సర్కారు హైస్కూల్లో తెలుగు చెప్తాను. పిల్లలు చదవడం మానేశారని, అంతా ఫోన్ వల్లేనని ప్రతి మీటింగులో వింటున్నాం. ఫోన్ సంగతి నిజమే. కానీ వాళ్ల చేతికి మనం ఏ పుస్తకాలు ఇస్తున్నామో ఎవరూ అడగరు.

మా బడి బీరువా నిండా జీవిత చరిత్రలు, నీతికథలు, క్విజ్ పుస్తకాలు. మంచివే. ఆరో తరగతి పిల్లాడు వచ్చి అడిగేది మాత్రం "టీచర్, దయ్యాల కథలున్నయా?" అని. మేడారం జాతర నుంచి వచ్చిన పిల్లలు సమ్మక్క సారలమ్మల కథ బొమ్మలతో కావాలన్నారు. మా బీరువాలో లేదు. తొమ్మిది, పది తరగతుల వాళ్ల వయసుకు తగ్గ నవల ఒక్కటీ లేదు. స్నేహాలు, అలకలు, హాస్టల్లో ఇంటి మీది బెంగ, ఇవన్నీ ఉన్న వయసు కదా!

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని కథ చదువుతూ దొరికింది. పాత పుస్తకాల బండి మీద కొన్నదట. అట్ట లేదు, చివరి పేజీలూ లేవు. ముగింపు తనే అల్లి పక్క బెంచీ వాళ్లకు చెబుతోంది. ఈ పిల్లకు చదివే అలవాటు లేదని ఎలా అంటాం?

ఉన్న పుస్తకాలకూ తాళమే. పోతే ఎవరు కట్టాలన్న టెన్షన్‌తో టీచర్లు ఇంటికివ్వరు. ఊళ్లో గ్రంథాలయానికి పంపుదామంటే కుర్చీలన్నీ పోటీ పరీక్షలకు చదివేవాళ్లతో నిండి ఉంటాయి. వాళ్లకూ అవసరమే, కాదనను. పిల్లలకు వేరే గది కావాలి.

నిజాం పాలనలో తెలుగు చదువుకు దిక్కులేని రోజుల్లో, 1904లోనే హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న గడ్డ ఇది. 2022లో యునెస్కో వరంగల్‌ను తన లెర్నింగ్ సిటీల (అన్ని వయసుల వాళ్ల చదువును ప్రోత్సహించే నగరాల) నెట్‌వర్క్‌లో చేర్చుకుంది. మేం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కూడా ఉంది. ఆ డబ్బు ఎప్పటికప్పుడు గ్రంథాలయ సంస్థలకు చేరేలా చూడండి. అందులో కొంత పిల్లల పుస్తకాలకే కేటాయించండి. చిరిగినవి, పోయినవి టీచర్ల మీద వేయకుండా ఉత్తర్వు ఇవ్వండి. ఈసారి పుస్తకాలు కొనేటప్పుడు ఎంపిక కమిటీలో ప్రతి జిల్లా నుంచి కొందరు హైస్కూలు పిల్లలను కూర్చోబెట్టండి. వాళ్లు వద్దన్న పుస్తకం కొనకండి.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
హనుమకొండ జిల్లా