మన కుంట, మన బావురుకప్పలు: 2024-25 వార్షిక నివేదిక

మన కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాల మరమ్మతులు, కాపలా ఏర్పాట్లు, బతుకమ్మ సంబరాలు ఈ ఏడాదీ సజావుగా జరిగాయి. జమాఖర్చులను కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు. ఈ నివేదికలో మిగతాదంతా కుంట గురించి, ముఖ్యంగా అందులోని బావురుకప్పల గురించి.

నిరుటి వేసవిలో కుంట చుట్టూ రాతికట్టు కట్టి నడకబాట వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. చాలామంది సభ్యులు దానివైపే మొగ్గారు. కార్యవర్గం మాత్రం తూర్పు ఒడ్డును మట్టిగానే ఉంచాలని తీర్మానించింది. ఎందుకో చెప్పాల్సిన బాధ్యత మాది.

బావురుకప్ప మన దేశపు కప్పల్లో అతి పెద్దవాటిలో ఒకటి. 15 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. అయినా ఏడాదిలో చాలాకాలం కంటపడదు. ఎండలు ముదిరి నీరు ఇంకిపోతే మెత్తటి మట్టిలోకో ఒడ్డు బొరియల్లోకో దూరి వానల దాకా అక్కడే ఉంటుంది. తొలకరికి బయటికొచ్చి, లోతులేని వాన మడుగుల్లో, గడ్డి మునిగిన అంచుల్లో గుడ్లు పెడుతుంది. అలాంటి మడుగుల్లో గుడ్లను తినే చేపలు ఉండవు. ఒడ్డును నిలువు గోడ చేస్తే దాని వేసవి గూడూ పోతుంది, గుడ్లు పెట్టే చోటూ పోతుంది. కుంట నిండా నీళ్లున్నా ఇక ప్రయోజనం ఉండదు.

మృగశిర కార్తె వచ్చాక పడ్డ మొదటి పెద్దవానకు కొందరు సభ్యులు పిల్లలతో కలిసి టార్చిలైట్లు పట్టుకుని తూర్పు ఒడ్డుకు వెళ్లారు. మామూలుగా బురద కలిసిన ఆకుపచ్చ రంగులో, వీపు మీద నల్లమచ్చలతో ఉండే మగకప్పలు నిమ్మపండు రంగుకు తిరిగి ఉన్నాయి. అరిచిన ప్రతిసారీ గొంతుకు రెండు పక్కలా నీలి సంచులు ఉబ్బుతున్నాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, మీదికి దూకుతూ ఆడకప్పల కోసం పోటీపడుతున్నాయి. ఈ రంగు జతకట్టే కాలానికే పరిమితం, ఆడకప్పలకు రాదు. మరుసటి రోజు విషపు కప్పలేవో వచ్చాయని కొందరు కంగారుగా ఫోన్లు చేశారు. అవి ఏటా ఇక్కడే ఉండే కప్పలు, మనుషులకు వాటివల్ల హాని లేదు. వానల కోసం ఆడే కప్పతల్లి ఆటను చిన్నప్పుడు చూసిన పెద్దలు ఆ ముచ్చట్లు పిల్లలకు చెప్పడం మాకెంతో సంతోషం కలిగించింది.

వీటి తోకకప్పలు గట్టి దవడలతో దోమల పిల్లపురుగులను, ఇతర తోకకప్పలను, చివరికి తమ జాతివాటిని కూడా పట్టి తింటాయి. మడుగు ఎండేలోగా ఎదగాలి కదా! పెద్దయ్యాక పురుగులతో పాటు చిట్టెలుకలు, చిన్న పాములు కూడా వీటికి ఆహారమే. ఇంత తిండిపోతు కనుకే సొంత చోటు దాటితే చేటు చేస్తుంది. అండమాన్ దీవులకు చేరిన బావురుకప్పలు అక్కడి స్థానిక కప్పల పిల్లలను తినేస్తున్నాయి. అందుకే పిల్లలు వీటిని బకెట్లలో పట్టి వేరేచోట వదలకుండా తల్లిదండ్రులు చూసుకోవాలి.

దోమల నివారణకు వదిలే గంబూసియా చేపలు తోకకప్పలను తింటాయి కాబట్టి తూర్పు మడుగుల్లో వాటిని వదలవద్దని సిబ్బందిని కోరాం. వాన రాత్రుల్లో కప్పలు చక్రాల కింద పడకుండా తూర్పు గేటు మూసి ఉంచాం. చుట్టూ తిరిగి రావాల్సి వచ్చినా సహకరించిన సభ్యులకు కృతజ్ఞతలు.

ఒకప్పుడు కాళ్ల మాంసం కోసం మన దేశం నుంచి ఈ కప్పలను పెద్దఎత్తున ఎగుమతి చేసేవారు. 1987లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. ఇప్పుడు హైదరాబాద్‌లో వీటికి అసలు ముప్పు పూడికలు, కబ్జాలు, మురుగు. మన నగరం పక్కనే ఉన్న అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. మన కుంటకు అంతటి పేరు రాకపోయినా ఒక ఒడ్డును మట్టిగా ఉంచుకోవడం మన చేతిలో పనే.

కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. నీటిలో కలిసిన మందులూ అలాగే ఒంట్లోకి చేరతాయి. కుంట వైపు ఇళ్లవారు పెరటి మొక్కలకు పురుగుమందులు మానేయాలని, బట్టలుతికిన నీళ్లను వాన కాలువలోకి వదలవద్దని మనవి. నడకబాటను పడమటి ఒడ్డున మాత్రమే వేసే సవరణను, అందుకు కావలసిన చందాను సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం. సభ్యులందరూ తప్పక హాజరు కాగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి