ఏప్రిల్ నుంచి కిలో లెక్కన కెమికల్ అమ్మడం లేదు

బాయిలర్లకూ కూలింగ్ టవర్లకూ నీటి శుద్ధి పని మాకు అప్పగించిన ఇంజనీర్లకు, భవన నిర్వాహకులకు, ఆస్పత్రుల పర్యవేక్షకులకు నమస్కారం.

ఏప్రిల్ 1 నుంచి మా కొటేషన్లలో ‘కిలో ఇంత’ అనే వరుస కనిపించదు. టవర్‌కు నెలకు ఇంత, బాయిలర్‌కు నెలకు ఇంత అని రుసుము ఉంటుంది. తుప్పు, పొర పట్టకుండా నీటిలో వేసే కెమికల్, మా టెక్నీషియన్ రాక, పరీక్షలు, నెల నివేదిక అన్నీ అందులోనే. దీనివల్ల కొందరికి బిల్లు తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది. పెరిగేవారిలో ఎక్కువమంది మున్సిపల్, ప్రభుత్వ భవనాలవారే. ఎందుకో చెప్పకుండా ధర మార్చడం మర్యాద కాదు కనుక ఈ ఉత్తరం కాస్త పొడవైంది.

కిలో లెక్కన అమ్మినంత కాలం మీరు ఎంత పోస్తే మాకు అంత లాభం. టవర్ తొట్టి కారుతుంటే నీటితోపాటు కెమికల్ కూడా కాలువలోకి పోతుంది, మళ్లీ మాకే ఆర్డర్ వస్తుంది. మీ లీకేజీ మా ఆదాయం. ఈ వ్యాపారంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు, కొనేవారితో మాత్రం ఎవరూ అనరు. లీకేజీ ఆపించమని మీ వెంటపడే టెక్నీషియన్‌కు నేనే జీతం ఇస్తూ, ఆ లీకేజీ మీదే నేను బతకడం ఎంతకాలం కుదురుతుంది?

టెండర్ పత్రాలు దీన్ని ఇంకా పెద్దది చేశాయి. ‘కూలింగ్ టవర్ కెమికల్, 600 కిలోలు’ అని ఒక వరుస, పక్కన ధర రాయడానికి ఖాళీ గడి. అందులో అసలు మందు ఎంత శాతం ఉండాలో ఎక్కడా రాయరు. ఫాస్ఫోనేట్, పాలిమర్ కలిపి ముప్పై శాతం ఉన్న డబ్బా, ఎనిమిది శాతం ఉన్న డబ్బా ఆ గడి దృష్టిలో ఒకటే. ప్రభుత్వ కొనుగోళ్లు జరిగే జెమ్ పోర్టల్‌లో అయినా, సీల్డు కవర్లలో అయినా తక్కువ ధర వేసినవాడు ఎల్-1. ఆ డబ్బాలో మిగతాదంతా నీళ్లే. అంటే నీళ్లలో పోయడానికి నీళ్లు కొంటున్నారు, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కడుతున్నారు.

ఇందులో ఇంజనీర్లను తప్పు పట్టను. ఎల్-1ని పక్కన పెట్టి రెండో ధరకు పని ఇస్తే, ఆడిట్ అభ్యంతరానికి సమాధానం రాయాల్సింది ఆయనే. అందుకే ధరను వదిలి నిర్దేశాలను మార్చమంటున్నాను. కిలోల బదులు ఫలితం అడగండి. టవర్‌లో మూడు నెలలు వేలాడదీసిన లోహపు బిళ్లలను తూచినప్పుడు తుప్పు వేగం ఉక్కుకు ఏడాదికి 3 మిల్స్ లోపు, రాగికి 0.2 మిల్స్ లోపు ఉండాలని రాయండి (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). డిప్ స్లైడ్ పరీక్షలో బ్యాక్టీరియా మిల్లీలీటరుకు 10,000 దాటకూడదని, సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యాన్ని తీసేసే పరికరం) నుంచి బయటికి వచ్చే నీటి కాఠిన్యం 5 పీపీఎం, అంటే లీటరుకు 5 మిల్లీగ్రాములు, మించకూడదని రాయండి. తప్పితే బిల్లులో ఇంత కోత అని కూడా చేర్చండి. ఆ తర్వాత ఎల్-1కే ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఆ పోటీలో నేను ఓడిపోతే న్యాయంగా ఓడినట్టు. ఈ నిర్దేశాల నమూనా ఒకటి తయారు చేశాం. మాతో ఒప్పందం లేనివారు అడిగినా పంపిస్తాం, మా పోటీదారుల చేతికి వెళ్లినా ఫర్వాలేదు. కిలోల టెండర్లకు మాత్రం ఇక ధర వేయము.

ఇప్పుడు నీళ్ల లెక్క, ఎందుకంటే మీ అసలు ఖర్చు అక్కడే ఉంది. కూలింగ్ టవర్ చేసే పని నీటిని ఆవిరి చేయడమే. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పులన్నీ తొట్టిలోనే మిగిలి చిక్కబడతాయి. భవనాన్ని చల్లబరిచే 500 టన్నుల చిల్లర్ (టన్ను ఇక్కడ బరువు కాదు, చల్లబరిచే సామర్థ్యానికి కొలత) నిండు లోడుతో నడుస్తుంటే గంటకు దాదాపు 3,000 లీటర్లు ఆవిరవుతాయి. వచ్చే నీటి కన్నా తొట్టిలో నీరు రెండింతలు చిక్కబడగానే బయటికి వదిలేస్తే, అంటే రెండు సైకిల్స్ మీద నడిపితే, బ్లోడౌన్ రూపంలో మరో 3,000 లీటర్లు పోతాయి. గంటకు మొత్తం 6,000. అదే నాలుగు సైకిల్స్ మీద నిలిపితే బ్లోడౌన్ 1,000, మొత్తం 4,000. రోజుకు పది గంటలు నిండు లోడుతో నడిచే భవనంలో తేడా 20,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. మే నెలలో మీ ట్యాంకర్ ధరతో మీరే గుణించి చూడండి. మా మొత్తం రుసుము ఆ పక్కన ఎంత చిన్నదో అప్పుడు తెలుస్తుంది.

మరి నాలుగు సైకిల్స్ మీద ఎందుకు నడవడం లేదు? చాలా చోట్ల బ్లోడౌన్ వాల్వును ఎవరో ఎప్పుడో సగం తిప్పి వదిలేశారు, అది అలాగే ఉంది. నీరు ఎంత చిక్కబడిందో కొలిచి బ్లోడౌన్‌ను నడిపే కండక్టివిటీ కంట్రోలర్ కొన్నారు, గోడకు బిగించారు, ప్రోబ్ మీద పొర పేరుకుని అది ఏడాది పొడవునా ఒకే అంకె చూపిస్తోంది. కొత్త ఒప్పందంలో ఆ ప్రోబ్‌ను శుభ్రం చేసి సరిచూసే పని మాది. ఇదివరకు అది ఎవరి పనీ కాదు.

అయితే నాలుగు సైకిల్స్ అందరికీ కుదిరే అంకె కాదు. హైదరాబాద్‌లో ఒకే తొట్టిలోకి చలికాలంలో కృష్ణా, గోదావరి నీళ్లు, మార్చి దాటాక సొంత బోరు నీళ్లు, ఆ తర్వాత ఏ శివారు బోరుదో తెలియని ట్యాంకర్ నీళ్లు వస్తాయి. మన కింద ఉన్నది గ్రానైట్ నేల, బోరు నీటిలో కాఠిన్యంతోపాటు సిలికా కూడా ఉంటుంది. కాల్షియం పొర పడితే ఆమ్లంతో కరిగించవచ్చు. సిలికా పొర మామూలు హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి లొంగదు, గీరి తీయబోతే ట్యూబు పాడవుతుంది. అందుకే టవర్ నీటిలో సిలికా లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటనివ్వము. వచ్చే నీటిలోనే 50 ఉంటే మూడు సైకిల్స్ దగ్గర ఆగాల్సిందే, ఏ కంపెనీ ఎంత గొప్ప డబ్బా తెచ్చినా. ‘ఏ నీటికైనా ఆరు సైకిల్స్’ అని హామీ ఇచ్చేవారు కనిపిస్తే వారిని ముందు మీ బోరు నీటి సిలికా అంకె అడగండి.

మురుగు శుద్ధి కేంద్రం నీటిని టవర్‌లో వాడుతున్నవారు మాకు తప్పక చెప్పాలి. మంచినీటిని ఆదా చేస్తున్నందుకు వారిని మెచ్చుకుంటాను. కానీ ఆ నీటిలో మిగిలిన అమ్మోనియా మనం వేసిన క్లోరిన్‌ను తినేస్తుంది, కండెన్సర్‌లోని (చిల్లర్ తన వేడిని టవర్ నీటికి వదిలే భాగం) రాగి ట్యూబులనూ కొరుకుతుంది. ఆ భవనాలకు మందూ వేరే, పరీక్షలూ వేరే, రుసుమూ వేరే.

మా నివేదిక చదివే తీరిక లేకపోతే చిల్లర్ తెర మీద ఒక్క అంకె చూడండి. కండెన్సర్ అప్రోచ్ అని ఉంటుంది. రిఫ్రిజరెంట్ (చిల్లర్ లోపల తిరుగుతూ చల్లదనం తెచ్చే పదార్థం) ఆవిరి నుంచి ద్రవంగా మారే ఉష్ణోగ్రతకూ, కండెన్సర్ నుంచి బయటికి వెళ్లే నీటి ఉష్ణోగ్రతకూ మధ్య తేడా అది. శుభ్రమైన కండెన్సర్‌లో ఒకటి రెండు డిగ్రీలు ఉంటుంది. అదే లోడు మీద నాలుగైదుకు చేరిందంటే ముందుగా ట్యూబుల్లో పొరనే అనుమానించాలి. ఆ ద్రవంగా మారే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే కంప్రెసర్ రెండు మూడు శాతం ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఆ అంకె పెరుగుతూ ఉంటే మా నివేదికలో ఎన్ని పచ్చ టిక్కులున్నా నమ్మకండి, నాకు ఫోన్ చేయండి.

రుసుము పెరగడానికి పెద్ద కారణం లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా కోసం చేసే పరీక్ష. మన టెండర్ పత్రాల్లో ఈ పేరు నాకు అరుదుగానే కనిపించింది. 1976లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ లీజియన్ మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవారు న్యుమోనియాతో వరుసగా మంచాన పడ్డారు, ఈ బ్యాక్టీరియాకు పేరు అలా వచ్చింది. గోరువెచ్చని నీటిలో, 20 నుంచి 45 డిగ్రీల మధ్య, పెరుగుతుంది. మన టవర్ నీరు దాదాపు ఏడాది పొడవునా ఆ హద్దుల్లోనే ఉంటుంది. ఫ్యాను విసిరే సన్నని తుంపరతో గాలిలోకి చేరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 2015లో న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో 138 మంది జబ్బుపడ్డారు, 16 మంది చనిపోయారు. మూలం ఒక హోటల్ మీది టవర్. ఆ ఏడాదే ఆ నగరం ప్రతి టవర్‌నూ నమోదు చేయాలని, క్రమం తప్పకుండా తనిఖీ చేయాలని చట్టం తెచ్చింది. అంత కట్టుదిట్టం చేశాక కూడా 2025 వేసవిలో సెంట్రల్ హార్లెంలో 114 మందికి సోకింది, ఏడుగురు చనిపోయారు. బ్యాక్టీరియా ఆనవాళ్లు సరిపోలిన చోట్లలో ఒకటి ఆ నగరం సొంతంగా నడిపే ఆస్పత్రి, మరొకటి నగర ప్రజారోగ్య ప్రయోగశాల నిర్మాణ స్థలం. చట్టం ఉన్న నగరంలో, ఆరోగ్య శాఖ ముంగిట్లో జరిగిన సంగతి ఇది.

మీ ఆస్పత్రి ఓపీ వరుస సరిగ్గా టవర్ గాలి వీచే వైపే ఉంటే నేను ఏం చెప్పదలిచానో మీకు అర్థమైపోతుంది. అందుకే ప్రతి మూడు నెలలకు ఒకసారి నమూనాను ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపుతాం. కల్చర్ ఫలితానికి పది రోజులైనా పడుతుంది. పరీక్ష ఖర్చు మీ బిల్లులో విడిగా, లాభం కలపకుండా కనిపిస్తుంది. ‘మాకు అది వద్దు, తగ్గించండి’ అని ఆస్పత్రులు అడిగితే ఒప్పుకోము. ఆఫీసు భవనాలతో మాట్లాడతాం, ఆస్పత్రులతో బేరం లేదు.

బాయిలర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, అక్కడ పేచీ ఎప్పుడూ సాఫ్ట్‌నర్ దగ్గరే. వంద లీటర్ల రెజిన్ (కాఠిన్యాన్ని పట్టుకునే గుళికలు) ఉన్న సాఫ్ట్‌నర్ ఒక్కసారి ఉప్పునీటితో తేరుకున్నాక సుమారు ఐదు కిలోల కాఠిన్యాన్ని పట్టగలదు. వచ్చే నీటి కాఠిన్యం 400 పీపీఎం అయితే 12,500 లీటర్ల దాకా మెత్తని నీరు ఇస్తుంది. ట్యాంకర్ నీటితో అది 600 అయితే 8,300 లీటర్లకే చేతులెత్తేస్తుంది. మీ ఆపరేటర్ మాత్రం గడియారం చూసి రోజుకొకసారే ఉప్పు పోస్తాడు. మిగతా నాలుగు వేల లీటర్ల కాఠిన్యం నేరుగా బాయిలర్ ట్యూబుల మీద కూర్చుంటుంది. ఇకపై ప్రతి సాఫ్ట్‌నర్‌కూ నీటి మీటరు మేమే బిగిస్తాం. ఉప్పు పోయాల్సింది లీటర్లను బట్టి. ఏజెన్సీ తరఫున కొత్తగా వచ్చే ఆపరేటర్‌కు కాఠిన్యం పరీక్ష నేర్పడం కూడా రుసుములోనే ఉంది, ఎన్నిసార్లు మనిషి మారినా సరే. (మారకుండా చూస్తే ఇంకా సంతోషం.)

వంటశాలకు, పరికరాల స్టెరిలైజేషన్‌కు ఆవిరి పంపే బాయిలర్లలో హైడ్రజీన్ వాడము. అది క్యాన్సర్ కారకంగా అనుమానం ఉన్న పదార్థం. ఆక్సిజన్‌ను తీసేయడానికి సోడియం సల్ఫైట్ చాలు. కొన్ని చోట్ల పాత కంపెనీ వదిలి వెళ్లిన డబ్బాలు ఇంకా ఉన్నాయి. పేరు చదవలేని డబ్బా ఏదైనా కనబడితే పోయకండి, పారబోయకండి, పక్కన పెట్టి మాకు చెప్పండి.

బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చే వారం వస్తున్నారు, లోపల ఆమ్లంతో కడిగి పెట్టండి అనే ఫోన్లు ప్రతి ఏడాదీ వస్తాయి. 1923 నాటి చట్టం పోయి 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చినా ఈ ఫోన్లు మాత్రం ఆగలేదు. హడావుడిగా కడిగితే పొరతోపాటు ట్యూబు మందం కూడా పోతుంది. ఆ పని ఇక చేయము. పొర నిజంగా ఉంటే ముందు మందం కొలిచి, తుప్పు నిరోధకం కలిపి, బాయిలర్‌ను రెండు రోజులు పూర్తిగా ఆపి చేద్దాం.

ఇబ్బందికరమైన మాట ఒకటి మిగిలింది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం మాలాంటి సంస్థకు 45 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. ఒక మున్సిపల్ కార్యాలయం నుంచి మాకు రావాల్సిన సొమ్ము ఏడాది దాటినా రాలేదు. అక్కడి ఇంజనీరు మంచివారు, సంతకం పెట్టారు, ఫైలు పైకి పంపారు. పైన బడ్జెట్ విడుదల కాలేదు. ఫిర్యాదు చేయవచ్చు. చేస్తే వచ్చే టెండర్‌లో మా కాగితాల్లో ఏదో ఒక లోపం దొరుకుతుందని ఈ రంగంలో అందరూ నమ్ముతారు, నేనూ నమ్ముతాను. అందుకని వేరే ఏర్పాటు చేశాను. 90 రోజులు దాటిన చోట కెమికల్ సరఫరా ఆపుతాం, పరీక్షలూ లీజియోనెల్లా చూడటమూ ఆపము. బిల్లు ఆలస్యమైందని రోగులు తుంపర పీల్చాల్సిన పని లేదు. ఈ పద్ధతిలో మాకు నష్టమే ఎక్కువ. ఎన్నాళ్లు భరించగలమో ఏడాది తర్వాత లెక్క చూసి మళ్లీ రాస్తాను.

హైదరాబాద్‌కు దూరంగా ఉన్న జిల్లా కేంద్రాల ఒప్పందాలను ఈ మార్చితో ముగిస్తున్నాం. నెలకు రెండుసార్లు మనిషిని పంపలేని చోట ఫలితానికి హామీ ఇవ్వలేము. దగ్గరలో ఉన్న మంచి సంస్థల పేర్లు మీకు విడిగా చెబుతాం, వారికి మీ పాత నివేదికలన్నీ అప్పగిస్తాం.

మిగిలినవారు మార్చి 15 లోపు మూడు నెలల నీటి బిల్లులు, ట్యాంకర్ రసీదులు, చిల్లర్ లాగ్ పుస్తకం ఫొటోలు పంపండి. వాటిని చూసి మీ టవర్‌కు ఎన్ని సైకిల్స్ సాధ్యమో, రుసుము ఎంతో రాసి పంపుతాం. నమూనాలకు మా అబ్బాయిలు వచ్చేటప్పుడు టెర్రస్ తాళం ఎవరి దగ్గర ఉందో ముందే చెప్పి ఉంచండి. సెక్యూరిటీ గదిలో ఇంకో తాళం పెడితే మరీ మంచిది.